ఇచ్చోడ పక్కదారులు

సైకిలు యాత్రల గురించి వచ్చిన పుస్తకాలు తిరగేసేవారికి ఫ్రాన్సు పల్లెసీమల ప్రస్తావన పదేపదే తగులుతుంది. వాహనాల రద్దీ లేని సన్నని తారుదారులు, మెల్లగా లేచి మెల్లగా దిగే నేల, కాసేపు తొక్కితే ఒక ఊరు, ఊరి నడుమ ఒక చెట్టునీడ. ఆ వర్ణనలు చదివినప్పుడల్లా నాకు ఆదిలాబాదు జిల్లాలోని ఇచ్చోడ పరిసరాలు మనసులో మెదులుతాయి. అక్కడా నేల అలలు అలలుగానే ఉంటుంది. జాతీయ రహదారిని వదిలి సిరికొండ వైపో, బజార్‌హత్నూరు వైపో మళ్ళితే చక్రం కింద నలిగే టేకాకు చప్పుడు కూడా వినబడుతుంది. అయితే ఈ రెండుచోట్లా దారులు నిశ్శబ్దంగా ఉండడానికి కారణాలు ఒకటి కావు. దారి నిశ్శబ్దం ప్రకృతి ఇచ్చినది కాదనీ, దానికీ ఒక చరిత్ర ఉంటుందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఫ్రాన్సు సంగతి చూద్దాం. అక్కడ 1836 మే 21న ఒక చట్టం చేశారు. ఊరికీ ఊరికీ నడుమ ఉండే చిన్నబాటలను బాగుచేసుకోవడం ప్రతి గ్రామానికీ తప్పనిసరి చేసిన చట్టమది. పన్ను కట్టడంతో పాటు ఏడాదికి మూడురోజుల దాకా శ్రమదానమో, దానికి బదులు సొమ్మో ఇవ్వవలసి వచ్చేది. రైతు ధాన్యం సంతకు చేరాలనీ, బండి బురదలో దిగబడకూడదనీ వేసిన దారులవి. తరువాతి కాలంలో పల్లెలనుంచి జనం పట్నాలకు తరలిపోయారు. గత శతాబ్ది ఉత్తరార్ధంలో వేగపు రహదారులు వచ్చి లారీలనూ కార్లనూ తమవైపు లాక్కున్నాయి. ఊళ్ళు పలచబడ్డాయి, దారులు మాత్రం మిగిలాయి. ఈనాడు ఆ దేశంలో రోడ్ల మొత్తం పొడవు సుమారు 11 లక్షల కిలోమీటర్లు. అందులో అధికభాగం ఇటువంటి చిన్నదారులే. సైకిలు యాత్రికుడికి దక్కింది, ఒకప్పుడు రైతు చెమటోడ్చి వేసుకొని, ఆపైన వదలి వెళ్ళిన ఆస్తి.

ఆ ఆస్తి విలువను ముందుగా గుర్తించినవారిలో సాంతెతియెన్ పట్టణానికి చెందిన పట్టు వర్తకుడు పాల్ ద వివీ ఒకడు. 'వెలోసియో' అన్న కలంపేరుతో ప్రసిద్ధుడు. 1887లో సైకిలు పత్రిక ఒకటి మొదలుపెట్టి, పందెం కోసం కాక చూడడం కోసం తొక్కాలని జీవితమంతా ప్రచారం చేశాడు. కొండదారులు ఎక్కడానికి వీలుగా గేర్లు మార్చుకునే సైకిళ్ళ కోసం వాదించాడు. ప్రఖ్యాతమైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో అటువంటి గేర్లకు అనుమతి దొరికింది 1937లో మాత్రమే. అప్పటికి వెలోసియో చనిపోయి ఏడేళ్ళయింది.

ఇక మన ఇచ్చోడకు వద్దాం. ఇచ్చోడ మూలనున్న ఊరు కాదు, పెద్దబాట మీది ఊరు. హైదరాబాదునుంచి నిర్మల మీదుగా నాగపూరుకు పోయే ఆ బాట ఉత్తర దక్షిణ దేశాలను కలిపిన పాత రాచబాటల్లో ఒకటి. మన తెలుగు యాత్రా సాహిత్యానికి ఆదిపురుషుడనదగిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం విడిచి, హైదరాబాదు మీదుగా ఈ దిక్కుగానే నాగపూరు చేరి, కాశీకి వెళ్ళాడు. పల్లకీ బోయీలు, పరివారం కలిపి నూరుమంది దాకా ఆయన వెంట ఉన్నారు. 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రలో ఆయన మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్ళున్నాయా, సరుకులు దొరికే అంగళ్ళున్నాయా అని రాసుకుంటూ పోయాడు. సైకిలు మీద దూరాలు పోయేవారికి ఈ లెక్కలు చాలా దగ్గరగా తోస్తాయి. నీరు, తిండి, నీడ, రాత్రికి పడక: కాలినడక వేగానికి కాస్త అటూఇటూగా సాగే ఏ ప్రయాణానికైనా ఈ నాలుగే ముఖ్యం.

స్వాతంత్ర్యానంతరం ఆ పెద్దబాట వారణాసినుంచి కన్యాకుమారి దాకా సాగే 7వ నంబరు జాతీయ రహదారి అయింది. 2,369 కిలోమీటర్లతో దేశంలోకెల్లా పొడవైనదని బడిపిల్లలు వల్లెవేసేవారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు ఇక్కడి భాగం శ్రీనగరునుంచి కన్యాకుమారి వెళ్ళే 44వ రహదారిలో కలిసింది. నాలుగు వరసల కొత్తదారి వచ్చాక నిర్మల దాటిన తరువాత వచ్చే మహబూబు ఘాటు పక్కకు మిగిలిపోయింది. ఆరవ నిజాము పేర పిలిచే ఆ మలుపుల దారిలో ఒకప్పుడు లారీలు ఒకదాని వెనక ఒకటి మూలుగుతూ ఎక్కేవి. వేగం తనను వదలి వెళ్ళాక ఆ ఘాటు సైకిలుకు అనువైనదయింది. ఇచ్చోడ ప్రాంతంలో ఫ్రాన్సు తరహా నిశ్శబ్దం అంటే అచ్చంగా ఇదే: వాహనాలు వచ్చి, వెళ్ళిపోయాక మిగిలిన నిశ్శబ్దం.

పెద్దబాటకు తూర్పున, ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు దిక్కున ఉన్న నిశ్శబ్దం మాత్రం వేరు. అది వాహనాలు చాలాకాలం రాకపోవడంవల్ల ఉన్నది. ఈ గుట్టల్లో గోండులూ, కొలాములూ, పరధానులూ తమ కాలిబాటల మీద, ఎడ్లబండ్ల మీద బతుకు సాగించారు. 1940లో జోడేఘాటులో కొమురం భీము నిజాము పోలీసుల చేతిలో మరణించాడు. అడవి మీద, భూమి మీద హక్కుకోసం జరిగిన ఆ పోరాటానికి మూలాలేమిటో తెలుసుకోవడానికి ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫును నియోగించింది. ఆయన 1941లో వచ్చి మార్లవాయిలో మకాం పెట్టాడు. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు కూర్చుని గిరిజనుల మొరలు వినే దర్బారు ఆ దశాబ్దంలోనే, ఆయన చొరవతోనే మొదలయింది. ఇందులో దారికి సంబంధించిన కిటుకు ఉంది. కొండకోనల్లోని గూడేలకు అధికారి చేరలేడు, గూడెంవాడు కచేరీకి రాలేడు. అందువల్ల జనం తమంతట తాము చేరే చోటికే కచేరీని తీసుకుపోయారు.

తరువాత దారులు వచ్చాయి. దారి రావడం మేలని మనం సులువుగా అనుకుంటాం. బస్సు వచ్చింది, వైద్యుడు వచ్చాడు, పంతులు వచ్చాడు, నిజమే. ఆ దారి వెంటే వడ్డీ వ్యాపారీ, భూమి కోసం వచ్చిన వలస రైతూ వచ్చారు. కొన్ని దశాబ్దాల తరువాత తిరిగి వచ్చి చూసిన హైమన్‌డార్ఫు, గోండుల భూములు ఎలా చేజారాయో 1982లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా రాశాడు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1959లో ఒక నిబంధన, 1970లో దానికి కట్టుదిట్టమైన సవరణ వచ్చినా నష్టం పూర్తిగా ఆగలేదు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు చేరిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 13 మంది చనిపోయారు. ప్రజాసంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. గుడిహత్నూరు దగ్గర రహదారిని వదిలి ఉట్నూరు దిక్కుగా పోయే సైకిలుకు ఆ అమరుల స్తూపం దారిలోనే తగులుతుంది. దాన్ని చూశాక కూడా ఈ పరిసరాలను ఎవరూ ఎరుగని ప్రశాంత సీమలని రాయడానికి నాకు చేయి రాదు.

ఈ దారుల్లో అసలైన దీర్ఘయాత్రికులు మెస్రం వంశీయులు. ప్రతి ఏటా పుష్యమాసంలో నాగోబా పూజకు ముందు వారు కేస్లాపూరునుంచి చెప్పులు లేకుండా నడిచి, జన్నారం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న హస్తిన మడుగుకు పోయి, ఝరిలో గంగాజలం తెస్తారు. దారిలో ఏ ఊళ్ళో ఆగాలో, ఏ చెట్టుకింద విడిది చేయాలో వారికి తరతరాల లెక్క ఉంది. పుష్య అమావాస్య రాత్రి ఆ నీటితోనే పూజ. ఆ రోజుల్లో అటు తొక్కేవాళ్ళు వారికి ఎదురైతే, దిగి పక్కకు నిలబడడం మర్యాద. ఆ దారిమీద వారిది మనకన్నా పాత హక్కు.

ఫ్రాన్సు 1836లో చేసిన పనిని పోలినది మన దేశంలో 2000 డిసెంబరు 25న మొదలయింది. ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన అని దాని పేరు. మైదానాల్లో 500 జనాభా ఉన్న ఆవాసాలకు, షెడ్యూల్డు ప్రాంతాల్లో 250 ఉన్నవాటికి పక్కా దారి వేయాలన్నది అప్పటి నియమం. ఇచ్చోడ చుట్టూ మనం హాయిగా తొక్కగలిగే నల్లని సన్నదారులు కొన్ని ఇటువంటి పథకాల ఫలమే. కొలాముల గూడేలు చాలా చిన్నవి. ఆ లెక్కకు అందని గూడేనికి తారు చివర మట్టిబాటే మిగిలింది; వాన పడితే నల్లరేగడి చక్రానికి చుట్టుకుని సైకిలును భుజాన ఎత్తుకోవలసిందే. మనకది ఒక పూట ఇబ్బంది. వాగు పొంగితే గర్భిణిని మంచం మీద మోసుకు పోవలసినవారికి అది ప్రాణాలతో పని.

అటు వెళ్ళదలచిన మిత్రులకు కార్తీకంనుంచి మాఘం దాకా మంచికాలం. చలి గట్టిగా ఉంటుంది. పొద్దుటిపూట చేతితొడుగులు లేకుండా బ్రేకు పట్టలేరు. పత్తిబండ్లు ఎదురొస్తాయి, చోటివ్వండి. కవ్వాల అడవి 2012నుంచి పులుల అభయారణ్యం కాబట్టి చీకటి పడకముందే ఊరు చేరండి. గూడెంలో నీళ్ళు అడిగితే ఇస్తారు. ఇచ్చినవారితో రెండు మాటలు మాట్లాడి, ఆ ఊరికి దారి ఎప్పుడు వచ్చిందో అడగండి. ఆ సంవత్సరాన్ని ఆ ఊరివాళ్ళు మరచిపోరు.