నాలుగు సెకండ్ల ముచ్చట

సెల్‌ఫోన్ల కొడితే ఆ వీడియో ఇప్పుడు సుత వస్తది. అది తర్వాత చూడుండ్రి, ముందుగాల నా నోటితోని వినుండ్రి. వీడియోల ఒక్క దిక్కుకెళ్లే కనబడ్తది. నేను చూసింది గుట్ట మీదికెళ్లి. మంట జర ఎగదొయ్యిరా చిన్నోడా, చలి పెడ్తుంది.

1982, నవంబర్ 20, శనివారం. కాలిఫోర్నియాల బర్కిలీల నేను ఎమ్మెస్ చదువుతున్న రోజులు. మన దిక్కోళ్లు కనబడుడే తక్కువ. చేతుల పైసలు అంతకన్న తక్కువ. మ్యాచ్‌కు టికెట్ కొనే ముచ్చటే లేదు. కానీ ఆ స్టేడియాన్ని 1923ల గుట్టల సందుల కట్టిన్రు. పక్కనున్న గుట్టెక్కి కూసుంటే మైదానమంత కండ్ల ముంగట్నే ఉంటది, ఒక్క పైస ఇచ్చే పని లేదు. టైట్‌వాడ్ హిల్ అంటరు దాన్ని, అంటే పిసినారోళ్ల గుట్ట. నేను, మా రూమ్ల ఉండే తమిళ పోరడు పొద్దుగాలనే రొట్టెలు మూటగట్టుకొని పోయి జాగ పట్టినం. కింద స్టేడియం, దానవుతల ఊరు, ఊరవుతల సముద్రపు పాయ, ఆ ఒడ్డుకు శాన్ ఫ్రాన్సిస్కో. ఆట లేకున్నా పోయి కూసోవచ్చు అక్కడ.

ఇంకొకటున్నది ఆ గుట్ట మీద. ఫిరంగి. నవ్వకుండ్రి, నిజం ఫిరంగే. మా కాలేజీ జట్టు, కాల్ అంటరు, పాయింట్లు కొట్టినప్పుడల్ల స్టూడెంట్లు దాన్ని పేలుస్తరు. మునుపు కింద మైదానం కాడనే పెట్టేటోళ్లట, 1971ల గుట్ట మీదికి తెచ్చిన్రు. మేం దానికి గింత దూరంల కూసున్నం. ఈ మాట యాది పెట్టుకోండ్రి.

ఆడేది స్టాన్‌ఫర్డ్‌తోని. ఈ రెండు కాలేజీలకు పాత పగ. బిగ్ గేమ్ అంటరు, అది 85వది. గెలిచినోళ్లకు ఇచ్చేది కప్పు కాదు, గొడ్డలి. కట్టెలు కొట్టే గొడ్డలి తలను పలకకు బిగించి పెట్టిన్రు, దాని కోసం రెండు ఊర్లు కొట్టుకుంటయి. స్టాన్‌ఫర్డ్‌ల జాన్ ఎల్వే అని ఒక మొనగాడు ఉండె. బంతిసిరితే తుపాకి గుండే. కాలేజీల ఆయనకు అదే ఆఖరు ఏడు. ఆ ఆట గెలిస్తే సీజన్ అయిపోయినంక పెట్టే పెద్ద ఆటకు, బౌల్ అంటరు, దానికి పిలుపు రావాలె. నాలుగేండ్లల ఆయనకు ఒక్క బౌల్ సుత దక్కలేదు.

అమెరికా ఫుట్‌బాల్ అంటే కాలుతోని తన్నే ఆట కాదు. కోడిగుడ్డసొంటి బంతి, చేతుల పట్టుకొని ఉరుకుడు. పట్టుకున్నోన్ని కింద పడేస్తే, మోకాలు నేలకు తాకితే, ఆ బంతి చచ్చినట్టే. ఇగ గడియారం. అది సున్నకొచ్చినా నడుస్తున్న ఆట ఆగది. బంతి చచ్చేదాక ఆట బతికే ఉంటది. మన చెడుగుడుల కూతకు పోయినోన్ని నలుగురు పట్టుకున్నా, కూత తెగనంతసేపు వాడు ఔట్ కాడు గద, అట్ల. ఇంకొకటి, బంతిని ఎనుకకో పక్కకో ఎన్నిమార్లన్న ఇసరొచ్చు. ముందుకు మాత్రం ఒక్కో ఆటకు మొదట్ల ఒక్కపారే ఇసరొచ్చు; అవుతలోళ్లు తన్నిన బంతిని పట్టుకొని ఉరికేటప్పుడు అసలే ఇసరద్దు.

ఇగ కొసకు వద్దాం. మేం 19, వాళ్లు 17. నిమిషం సుత లేదు. ఎల్వే సొంత గీత కాడ ఇరుక్కున్నడు, నాలుగో ఛాన్స్, అంటే ఆఖరుది, ఇంకా 17 గజాలు పోవాలె. అక్కడ అయిపోయిందనుకున్నం. ఆ మొనగాడు 29 గజాల అవుతలికి బంతిసిరిండు, ఎమిల్ హ్యారీ అనేటాయన అందుకున్నడు. అట్లనే నూకుకుంటొచ్చి, గడియారంల 8 సెకండ్లున్నప్పుడు ఆట ఆపిచ్చిన్రు. మార్క్ హార్మన్ 35 గజాలకెళ్లి తన్నిండు. పోయింది కమ్మీల నడుమ నుంచి. 20-19.

ఆ 8 సెకండ్ల కాడ ఆపకుండ, మూడో నాలుగో అయ్యేదాక ఆగితే, తన్నుడుతోనే ఆట ఖతం. నాకు ఇప్పటికీ అదే అర్థంకాదు. తన్నినంక ఇంకో నాలుగు సెకండ్లు మిగిలినయి. పైనుంచి స్టాన్‌ఫర్డ్ పోరగాళ్లు సంబురం ఆగక మైదానంలకు ఉరికిన్రు, దానికి 15 గజాల జుర్మానా పడ్డది. పాయింట్లు కొట్టినోళ్లే మళ్ల బంతిని అవుతలోళ్లకు తన్నాలె గద, ఇగ అంత ఎనుక నుంచి తన్నాలె.

మా గుట్ట మీద సప్పుడు లేదు. కింద జనం లేచి గేట్ల దిక్కు నడుస్తున్నరు. స్టేడియంల 75 వేల పైన మంది ఉన్నరు, అండ్ల ఎందరు ఆ ఆట కండ్లార చూసిన్రో నాకు అనుమానమే. మా తమిళ పోరడు లేచి లాగుకంటిన గడ్డి దులుపుకుంటున్నడు. మా పక్కన ఒక ముసలి తెల్లాయన ట్రాన్సిస్టర్ ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. ఆయన లేవలె. రేడియో చెప్పేదాక ఆయనకు ఏదీ అయిపోయినట్టు కాదు.

హార్మన్ బంతిని నేల మీద పొర్లేటట్టు తన్నిండు. కెవిన్ మోయెన్ మైదానం సగానికి జర ఇవుతల పట్టుకున్నడు. బంతితోని మాత్రం కింద పడద్దని ఆ పోరగాళ్లు ముందే అనుకున్నరట. మోయెన్ పక్కనున్న రిచర్డ్ రాడ్జర్స్‌కు ఇసిరిండు. రాడ్జర్స్ డ్వైట్ గార్నర్‌కు ఇచ్చిండు. గార్నర్ మీద స్టాన్‌ఫర్డోళ్లు గుంపుగ పడ్డరు. ఇగ గయా అనుకున్నం. ఆ కుప్పలకెళ్లి బంతి మళ్ల బయటికొచ్చింది, మళ్ల రాడ్జర్స్ చేతుల. ఆయన మరియెట్ ఫోర్డ్‌కు ఇచ్చిండు.

అప్పుడు చూసిన నేను. అవుతల కొసకెళ్లి ఎర్ర అంగీలు మైదానంలకు కారుతున్నయి. స్టాన్‌ఫర్డ్ బ్యాండోళ్లు, 144 మంది! గార్నర్ పడ్డడు, ఆట అయిపోయిందనుకొని బూరలు, డోళ్లు పట్టుకొని లోపటికొస్తున్నరు. ముసలాయన ట్రాన్సిస్టర్ల ఆట చెప్పే జో స్టార్కీ గొంతు చినిగిపోతుంది, బ్యాండు మైదానంలకొచ్చిందని మొత్తుకుంటున్నడు. ఫోర్డ్ ముగ్గురి మీద పడుకుంట, చూడకుండ భుజం మీదికెళ్లి ఎనుకకు ఇసిరిండు. ఎవలకు? మొదలు పట్టుకున్న మోయెన్‌కే. మోయెన్ ఆ బూరలోళ్ల నడుమకెళ్లి ఉరికిండు. కొందరు పక్కకు దుంకిన్రు, కొందరికి ఏమైతుందో సుత తెల్వదు. గీత దాటినంక రెండు చేతుల బంతి పైకి లేపి ఎగిరి దిగిండు, దిగుడు దిగుడే ఒక ట్రాంబోన్ వాయించేటాయన మీద పడ్డడు. గ్యారీ టిరెల్ ఆయన పేరు. మనిషి కింద, బూర కింద.

ఇగో, ఇక్కడ ఆగండ్రి. అందరు ఉరుకుడు చెప్తరు, నేను దాని తర్వాతది చెప్తా. ఎవలకు ఏం తెల్వదు. స్టాన్‌ఫర్డోళ్లు ఒక దిక్కు ఎగురుతున్నరు, మనోళ్లు ఒక దిక్కు ఎగురుతున్నరు. ఒకే మైదానం, రెండు జట్లూ గెలిచినయి! పోయేటోళ్లు గేట్ల కాడ ఎనుకకు తిరిగి చూస్తున్నరు. చేతులు నెత్తి మీద పెట్టుకున్నోళ్లు అట్లనే ఉన్నరు, దించుడు మర్చిపోయిన్రు. రెఫరీ చార్లెస్ మోఫెట్ తన మనుషులను ఒక్క కాడికి పిలిచి అడుగుతున్నడు. ఎవలన్న విజిల్ కొట్టిన్రా? లేదు. ముందుకు ఇసిరిన్రా? లేదు. గిట్లాంటి ప్రశ్నలు అడిగిండని తర్వాత పేపర్ల చదివినం. అప్పుడు మాకు కనబడేది నల్ల తెల్ల గీతల అంగీలు గుండ్రంగ నిలబడుడే. రేడియోల స్టార్కీకి సుత తెల్వదు. ఫిరంగి కాడ పోరగాళ్లు రెఫరీ చేతుల దిక్కే చూస్తున్నరు. మా తమిళ పోరడు నా రెట్ట ఎంత గట్టిగ పట్టుకున్నడంటే తెల్లారి కమిలిపోయి ఉండె.

మోఫెట్ రెండు చేతులు పైకి లేపిండు.

ఫిరంగి పేలింది. మేం గింత దూరంల ఉంటిమి గద, చెవుల గుయ్యిమన్నది, తర్వాత ఎవలేమన్నరో ఇనబడలె, నోర్లు తెరుచుడే కనబడ్డది. ఆ స్టేడియం కింది నుంచి భూమి పగులు పోతది, హేవర్డ్ ఫాల్ట్ అంటరు. భూకంపమేమో అని ఒక సెకను నిజంగనే అనుకున్న. ముసలాయన ట్రాన్సిస్టర్ ఇడిసిపెట్టి నన్ను కావలించుకున్నడు. ఆయనెవలో నాకు తెల్వదు, నేనెవలో ఆయనకు తెల్వదు. 25-20.

గార్నర్ మోకాలు తాకిందని స్టాన్‌ఫర్డోళ్లు ఇప్పటికీ అంటరు. ఆఖరి ఇసురుడు ముందుకే పోయిందని సుత అంటరు. నన్నడిగితే, గుట్ట మీదికెళ్లి మోకాలు కనబడలె. కనబడ్డదని చెప్పేటోడు ఏ దిక్కోడైనా అబద్ధమే చెప్తున్నడు. అప్పట్ల మళ్ల వేసి చూసే టీవీ రెఫరీలు లేరు. స్టాన్‌ఫర్డోళ్లు గెలిచి గొడ్డలి తీసుకపోయిన ఏడు దాని మీద 20-19 అని చెక్కించుకుంటరు. మళ్ల మనకు రాంగనే 25-20 అని దిద్దుతరు. ఇది నిజం.

వాళ్లు చేసిన తమాషా ఇంకొకటుంది. నాలుగు దినాలకు, బుధారం నాడు, క్యాంపస్ల మా కాలేజీ పేపరు, డైలీ క్యాల్, కట్టలు కట్టలు పడి ఉన్నది. మొదటి పేజీల పెద్ద అక్షరాలు: ఎన్‌సీఏఏ ఆటను స్టాన్‌ఫర్డ్‌కు రాసిచ్చింది. కాలేజీ ఆటల మీద పెత్తనం ఆ సంస్థదే. నా ముంగటి పోరి చదివి పుస్తకాలు అక్కడ్నే పడేసి మెట్ల మీద కూలబడ్డది. క్లాసుల ఎవలూ పాఠం ఇనలె. తర్వాత తెల్సింది, అది స్టాన్‌ఫర్డ్ పోరగాళ్లు అచ్చేసిన దొంగ పేపరని. 7,000 కాపీలు! అంత కష్టపడి చేసిన్రు గద, నాకు కోపం సుత రాలె. ఓడిపోయినోళ్లు ఏడ్వకుండ నవ్విచ్చిన్రు, దానికి పెద్ద మనసు కావాలె. ఎల్వేకు మాత్రం బౌల్ దక్కకనే పోయింది. తర్వాత డెన్వర్‌కు ఆడి రెండు సూపర్‌బౌల్‌లు గెలిచిండు, అది వేరే లెక్క.

మా నాయనకు ఇదంత నీలం ఎయిర్‌మెయిల్ కాయితం మీద రాసిన. మా నాయన చదువుకోలె. బడి పంతులు హోటల్ కాడ నిలబడి పదిమందికి చదివి ఇనిపిచ్చిండట. ఎల్వే ఎవలు, గొడ్డలేంది, ఎవలూ అడగలె. తిరుగు జాబుల ఊరంత కలిసి ఒక్క ముచ్చట అడిగిన్రు: ఆ బూర వంగిపోయినాయనకు పైసలు ఎవలు కట్టిచ్చిన్రు?

నేను ఎంక్వయిరీ చేసినప్పుడు ఎవలూ చెప్పలె. కానీ ఆ బూర వట్టిగ పోలేదు, కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ల పెట్టిన్రు, జనం దాన్ని చూస్తందుకు పోయిన్రు. టిరెల్, మోయెన్ తర్వాత దోస్తులయిన్రు. ఇగ తే, ఆ ఫోన్ ఇటు తే, వీడియో పెడ్త. బ్యాండోళ్లు ఎప్పుడు లోపటికొస్తరో మీరే చూసి చెప్పుండ్రి, నేను ఊకుంట.