వాలుగ దవడ, పొట్టి పీచు

ఎండలు ముదిరితే లినెన్, నూలు ఒంటికి హాయి అంటారు. ఆ మాటకు ఆధారం ఉంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు లినెన్ పీచు తన బరువులో 12 శాతం, పత్తి పీచు 8.5 శాతం దాకా తేమను పట్టి ఉంచుతాయి, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. కానీ హాయి అంతా పీచులోనే ఉందనుకుంటే సగం కథే తెలిసినట్టు. పత్తికాయ పగిలిన నాటి నుంచి నూలు మగ్గమెక్కేదాకా ఆ పీచు ఎన్ని దెబ్బలు తిందన్నది మిగతా సగం. శ్రీకాకుళం జిల్లా పొందూరు చెప్పేది ఆ సగం సంగతే.

పొందూరు సన్న ఖాదీకి వాడేది కొండపత్తి, పునాస పత్తి వంటి నాటు రకాలు. పీచు పొట్టిది. గింజ తీయకముందే వాలుగ చేప దవడతో దాన్ని దువ్వుతారు. దవడకున్న సన్నటి పళ్లు చెత్తను లాగేసి పోగులను ఒక వైపుకు సర్దుతాయి. తర్వాత గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, నునుపు చెడకుండా ఎండిన అరటి దొప్పలో పెడతారు. ఆ ఏకుల నుంచి ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటు నూలు వస్తుంది. అంటే ఒక పౌను నూలు విప్పితే 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు. గాంధీజీ ఆ పని చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారని అక్కడ చెప్పుకుంటారు.

యంత్రానికి ఇంత ఓపిక లేదు. దూరదేశపు మిల్లుల కోసం ఓడకెక్కించాలంటే పత్తిని బేలుగా అదిమి కట్టాలి, మిల్లుకు చేరాక ఆ గట్టి ముద్దను కొట్టి విప్పాలి. ఈ బాదుడుకు పొట్టి పీచు ఓర్చుకోలేదు. అందుకే ఈస్టిండియా కంపెనీ 1840ల్లో అమెరికా నుంచి పత్తి సాగుదారులను రప్పించి పొడుగు పీచు పండించాలని చూసింది. ఆ ప్రయత్నం అప్పటికి పెద్దగా ఫలించలేదు, కానీ ఆ ఒత్తిడి ఆగలేదు. పంటకు తగ్గట్టు పనిముట్టును మార్చుకోవాల్సింది పోయి, పనిముట్టు కోసం పంటనే మార్చారు. వాన మీద బతికే నాటు పత్తి పొలాల్లో ఇవాళ ఎక్కువగా కనిపించేది అమెరికా జాతి పత్తే. పురుగుమందుల ఖర్చు ఎక్కడ పెరిగిందో రైతును అడిగితే తెలుస్తుంది.

మిల్లు నూలైనా పత్తే కదా, చెమట పీల్చదా అని అడగవచ్చు. పీలుస్తుంది. పీచు స్వభావం మిల్లుకెళ్లినంత మాత్రాన మారదు. బట్టలో గాలి ఆడటం మాత్రం పురి మీద, నేత మీద ఆధారపడుతుంది. తక్కువ పురితో, కాస్త ఎగుడుదిగుడుగా వచ్చే చేతి నూలు గాలికి సందులు వదులుతుంది. పొడుగు పీచుతో మిల్లులు 100 కౌంటు దాటించగలవన్నదీ నిజమే. పొట్టి పీచుతో అంత సన్నం తీయడంలోనే పొందూరు ప్రత్యేకత ఉంది.

వీటికంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది, దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. వడికే ఆడవాళ్లకు గిట్టేది చాలా తక్కువ. 1949 నుంచి అక్కడ ఖాదీ కార్మికుల సంఘం పనిచేస్తున్నా, పంచె ధర చూసి కొనేవాడు వెనకాడతాడు, కూలి చూసి కూతురు రాట్నం ముట్టదు. బేలు కట్టకుండా చిన్న యంత్రాల మీద నూలు తీసే మల్ఖా వంటి ప్రయత్నాలు ఈ చిక్కులోంచే పుట్టాయి. వాటి నూలు పొందూరంత సన్నం కాకపోవచ్చు, కానీ బేలు దెబ్బ తగలని పత్తి అది.