విజ్ఞులైన మిత్రులు

న్యాయస్థానంలో ఎదుటి పక్షపు వకీలును "విజ్ఞులైన నా మిత్రులు" అని పేర్కొనడం న్యాయవాదులలో చిరకాలంగా వస్తున్న మర్యాద. వాదంలో ప్రత్యర్థులైనా వృత్తిలో సోదరులే అన్న భావం ఆ మాటకు ప్రాణం. ఆ సోదరత్వం మేనిరంగు దగ్గర ఆగిపోతే ఏమి చేయవలె? అమెరికాలో జార్జి వుడ్సన్ అనే న్యాయవాదికి ఎదురైన ప్రశ్న ఇది.

వుడ్సన్ 1865లో వర్జీనియా రాష్ట్రంలో జన్మించినారు. అమెరికా రాజ్యాంగం బానిసత్వాన్ని రద్దుచేసిన సంవత్సరమది. ఆయన కొంతకాలం సైన్యంలో పనిచేసి, హోవర్డు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించి, అయోవా రాష్ట్రం చేరుకొన్నారు. అక్కడ బక్స్‌టన్ అనే బొగ్గుగనుల ఊరిలో ప్రాక్టీసు సాగించినారు. 1901లో ఆ రాష్ట్రంలోని నల్లజాతి న్యాయవాదులకు ఒక సంఘం నెలకొల్పినవారిలో ఆయన ఒకరు. ఇటువంటి సంఘాల పని జీతబత్యాలతో నడిచేది కాదు. కక్షిదారుల పని చూచుకొనగా మిగిలిన పొద్దును ఉత్తరాలకు, సభలకు, సభ్యులను కూర్చడానికి వెచ్చించవలసి ఉంటుంది.

దేశంలోని న్యాయవాదులందరికీ ప్రతినిధిననుకొనే అమెరికన్ బార్ అసోసియేషన్ 1878లోనే ఏర్పడినది. 1911లో ఆ సంస్థ విలియం లూయిస్ అనే న్యాయవాదిని సభ్యునిగా చేర్చుకొన్నది. ఆయన అప్పుడు అమెరికా ప్రభుత్వంలో సహాయ అటార్నీ జనరల్. ఆయన నల్లజాతివాడని తెలిసిన పిమ్మట 1912లో కార్యవర్గం ఆ సభ్యత్వాన్ని రద్దు చేసినది. పెద్ద వివాదం చెలరేగగా లూయిస్‌ను, మరి ఇద్దరు నల్లజాతి న్యాయవాదులను ఉండనిచ్చినారు. అయితే ఇకమీదట చేరదలచినవారి జాతి ఏదో ముందుగా తెలుపవలెనని నిర్ణయించినారు. నిషేధమన్న మాట లేకుండానే నిషేధం అమలైనది.

వుడ్సన్ నిరాశతో ఊరకుండలేదు. తన రాష్ట్రంలో కాలు శతాబ్దంగా సాగిన కృషిని దేశమంతటికీ విస్తరింపజేయ పూనుకొన్నారు. 1925 ఆగస్టు 1వ తేదీన అయోవా రాజధాని డిమాయిన్‌లో 12 మంది న్యాయవాదులు కలిసి, నేషనల్ బార్ అసోసియేషన్‌గా ప్రసిద్ధికెక్కిన సంఘాన్ని స్థాపించినారు. వారిలో ఒక మహిళ, గెర్‌ట్రూడ్ రష్, కూడ ఉన్నారు. అరువదవ ఏట వుడ్సన్ దానికి తొలి అధ్యక్షులైనారు. ఆనాడు దేశం మొత్తంమీద నల్లజాతి న్యాయవాదులు 1000 మందికి లోపే.

తమకు ఒక గూడు కట్టుకొనడంతోనే ఆ సంఘం తృప్తిపడలేదు. పౌరహక్కుల రక్షణను తన ఆశయాలలో చేర్చుకొన్నది. 1940 తరువాతి సంవత్సరాలలో, నల్లజాతి జనాభా 5000కు తగ్గని నగరాలలో ఉచిత న్యాయసహాయ కేంద్రాలు నెలకొల్పడానికి ప్రయత్నించినది. పెద్ద సంఘం తోటి న్యాయవాదులను బయట నిలిపితే, ఈ చిన్న సంఘం ఫీజు చెల్లించలేని పేదను లోపలికి పిలువ సంకల్పించినది.

జాతిని బట్టి సభ్యత్వం నిరాకరించరాదని అమెరికన్ బార్ అసోసియేషన్ 1943లో తీర్మానించినది. 1912 నిర్ణయానికి అది 31 సంవత్సరాల పిమ్మట జరిగిన దిద్దుబాటు. దానిని చూడడానికి వుడ్సన్ లేరు. పది సంవత్సరాల ముందే, 1933లో, కన్నుమూసినారు. ఆయన కూర్చిన సంఘం మాత్రం నేటికీ పనిచేస్తున్నది.