కోచ్ గారి టర్మ్ పాలసీ

మనకి ఇన్సూరెన్స్ ఏజెంట్ అంటే బాబాయో, మేనమామో, చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారో అయి ఉంటారు. కాదనలేక ఒక పాలసీ కట్టేస్తాం. ఈ మొహమాటం మీద అమెరికాలో ఒక పెద్ద సంస్థనే నిలబెట్టినవాడు ఆర్ట్ విలియమ్స్. అతను చెప్పిన విషయంలో చాలా నిజం ఉంది కాబట్టే నాకు అతని కథ మీద ఆసక్తి.

అతను 1942లో పుట్టి, జార్జియా రాష్ట్రంలోని కైరో అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. కాలేజీలో ఉండగానే తండ్రి గుండెపోటుతో పోయాడు. పాలసీ అయితే ఉంది, అది హోల్ లైఫ్ రకం. వచ్చిన డబ్బు ఇంటికి ఏ మూలకీ సరిపోలేదు. విలియమ్స్ హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్‌గా చేరాడు. కొన్నేళ్ళకి, అకౌంటెంట్ అయిన కజిన్ ఒకతను టర్మ్ ఇన్సూరెన్స్ అని ఒకటుందని చెప్పాడు.

హోల్ లైఫ్‌లో మనం కట్టే ప్రీమియం కొంత ప్రాణం మీది కవర్‌కి, కొంత పొదుపుకి పోతుంది. మన ఎండోమెంట్, మనీ బ్యాక్ పాలసీలు కూడా దాదాపు ఈ బాపతే. టర్మ్‌లో పొదుపు ఉండదు. గడువులోపు పోతే డబ్బొస్తుంది, బతికుంటే ఏమీ రాదు. అందుకే చవక. వయసులో ఉన్నవాళ్ళకి అదే డబ్బుకి ఎన్నో రెట్లు కవర్ దొరుకుతుంది. మరి ఆ తండ్రికి ఈ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఏజెంట్ కమిషన్ ప్రీమియంలో ఇంత శాతం అని ఉంటుంది. చవక పాలసీ అమ్మితే చేతికొచ్చేదీ కొంచెమే. కుట్రలేం అక్కర్లేదు, ఈ లెక్క చాలు.

1977 ఫిబ్రవరిలో, 85 మందితో ఏ.ఎల్. విలియమ్స్ అనే సంస్థ మొదలైంది. పాలసీలు వేరే కంపెనీవి, అమ్మే మనుషులు ఇతనివాళ్ళు. టర్మ్ కొనండి, మిగిలిన డబ్బు మదుపు పెట్టండి అన్నదే వాళ్ళ ప్రచారం. 1980ల మధ్యకొచ్చేసరికి, కొత్తగా అమ్మిన కవర్ మొత్తంలో ప్రుడెన్షియల్ లాంటి పాత కంపెనీలని దాటేశారు.

ఐతే ఆ కమిషన్ లెక్క ఇతన్ని మాత్రం వదుల్తుందా? చిన్న ప్రీమియాల మీద ఒక మనిషి బతకాలంటే చాలా పాలసీలు అమ్మాలి, లేదా అమ్మేవాళ్ళని చేర్చి వాళ్ళ అమ్మకాల్లో వాటా తీసుకోవాలి. విలియమ్స్ రెండో దారి పట్టాడు. టీచర్లు, కోచ్‌లు, మొగుడూపెళ్ళాలు పార్ట్ టైమ్‌గా చేరారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి కస్టమర్లు ఎవరు? సొంత చుట్టాలే.

ఆ చుట్టాలకి అప్పటికే హోల్ లైఫ్ పాలసీ ఉంటే, దాన్ని రద్దు చేయించి టర్మ్ ఇప్పించేవాళ్ళు. ఉన్నవీ లేనివీ చెప్పి పాత పాలసీ మాన్పించడాన్ని అక్కడ ‘ట్విస్టింగ్’ అంటారు. పాత కంపెనీలు ఇతని మీద ఆ మాటే ఎత్తాయి. వాళ్ళ కోపం వాళ్ళ ఆదాయం గురించేలెండి, కానీ ఆ అభ్యంతరంలో పసలేదని నేననను. ఏళ్ళ తరబడి కట్టిన పాలసీని మధ్యలో ఆపితే నష్టపోయేవాళ్ళుంటారు. మిగిలిన డబ్బు మదుపు పెట్టకుండా ఖర్చుపెట్టేసినవాళ్ళకి, టర్మ్ గడువు తీరేసరికి వయసు తప్ప ఏమీ మిగలదు.

1989లో సంస్థ ప్రైమెరికా చేతికెళ్ళింది. విలియమ్స్ తప్పుకుని, 1998లో టాంపా బే లైట్నింగ్ అనే ఐస్ హాకీ జట్టుని కొని, మరుసటేడే అమ్మేశాడు. అతను కట్టిన సైన్యం మాత్రం ప్రైమెరికా పేరుతో ఇప్పటికీ పనిచేస్తోంది. ఉద్యోగాలయ్యాక, సాయంత్రాలప్పుడు, తెలిసినవాళ్ళ ఇళ్ళకెళ్ళి.