పుట్టింట్లో కాన్పు అనుకుంటున్నారా? ముందు ఈ కాగితం రాసుకోండి

తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన దగ్గర ఆనవాయితీ. హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న అమ్మాయి నెలలు నిండేసరికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపున్న సొంతూరికి బయల్దేరుతుంది. ఇన్నాళ్లూ చూసిన డాక్టర్ నగరంలోనే ఉండిపోతారు. ఊళ్లో పెద్దవాళ్లు 'మా కాన్పులన్నీ ఇంట్లోనే అయ్యాయి' అంటారు. ఆపరేషన్ భయంతో 'నొప్పులు వస్తే ఇంట్లోనే కానిచ్చేద్దాం' అనుకునేవారూ ఉన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట వస్తోందా? అయితే నొప్పులు రాకముందే ఒక ప్రణాళిక రాసుకోవాలి. అందులో ఏముండాలి, ప్రభుత్వ సేవలు ఎంతవరకు అందుతాయి? వివరంగా చూద్దాం.

ఆపరేషన్ భయం ఎందుకు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇది 80 శాతం దాటింది. ఒక దేశంలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గడంలో అదనపు మేలు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కాబట్టి ఈ భయాన్ని తీసిపారేయలేం.

అయితే ఆస్పత్రి కాన్పులు పెరగడం వల్లే చాలామంది తల్లులు బతుకుతున్నారన్నదీ నిజం. రాష్ట్రంలో లక్ష ప్రసవాలకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే, 2018-20 నాటికి 43కు తగ్గాయి. అంటే కోత తప్పించుకోవాలి, ప్రాణానికి భద్రతా ఉండాలి. మీ ప్రణాళిక ఈ రెండింటికీ సరిపోవాలి.

ఇంటికి వచ్చి కాన్పు చేసే ప్రభుత్వ సేవ ఉందా?

లేదు. తెలంగాణలో మిడ్‌వైఫరీ శిక్షణ 2017లో కరీంనగర్‌లో మొదలైంది. అలా శిక్షణ పొందిన నర్సులు ప్రభుత్వ ఆస్పత్రుల ప్రసూతి విభాగాల్లో పనిచేస్తారు, ఇళ్లకు రారు. ఆశ కార్యకర్త తోడుగా వస్తారు తప్ప కాన్పు చేయరు. ఊళ్లో మంత్రసాని ఉన్నా ఆమె చేతిలో రక్తస్రావం ఆపే ఇంజెక్షన్ ఉండదు.

అందుకే నొప్పుల మొదటి గంటలు ఇంట్లో గడిపి, కాన్పు వేళకు ఆస్పత్రిలో ఉండేలా చూసుకోవడం మేలైన దారి. నొప్పులు 5 నిమిషాలకోసారి వస్తూ, ఒక్కోటి దాదాపు నిమిషం ఉంటే బయల్దేరాలన్నది తొలి కాన్పుకు సాధారణంగా చెప్పే లెక్క. ఆస్పత్రి గంట దూరంలో ఉంటే ఇంకా ముందే కదలాలి. రెండో కాన్పు తొందరగా అవుతుంది కాబట్టి అప్పుడు ఆగొద్దు.

ఎవరు ఇంటి కాన్పు ఆలోచనే చేయకూడదు?

కింది వాటిలో ఒక్కటున్నా నెలలు నిండేలోపే పెద్దాస్పత్రికి దగ్గరగా ఉండాలి.

• గతంలో సిజేరియన్ లేదా కాన్పు తర్వాత ఎక్కువ రక్తస్రావం అయినవారు
• కవలలు, ఎదురుకాళ్లు, అడ్డం తిరిగిన బిడ్డ
• బీపీ, షుగర్, గుండె జబ్బు, ఫిట్స్
• హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ
• మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినవారు
• నెగటివ్ బ్లడ్ గ్రూప్
• 37 వారాలు నిండకముందే నొప్పులు వచ్చినవారు

ఇవేవీ లేకున్నా గండం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాన్పు తర్వాత తీవ్ర రక్తస్రావం అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్నవారికీ రావొచ్చు. చికిత్స అందకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. మీ ఊరి నుంచి ఆస్పత్రికి పట్టే సమయాన్ని ఈ రెండు గంటలతో పోల్చి చూసుకోండి.

మూడు జిల్లాల్లో దూరం లెక్క

జనగామ హైదరాబాద్-వరంగల్ దారిలోనే ఉంది. రోడ్డు, రైలు రెండూ ఉన్నాయి. మహబూబాబాద్‌కు రైలు ఉన్నా కొత్తగూడ, గంగారం లాంటి ఏజెన్సీ మండలాల నుంచి జిల్లా కేంద్రానికి అడవి దారిన రావాలి. భూపాలపల్లి జిల్లాలో పలిమెల, మహాముత్తారం వాసులకు ప్రయాణం ఇంకా ఎక్కువ. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కేసు క్లిష్టమైతే వరంగల్ ఎంజీఎం, సీకేఎం, హనుమకొండ ప్రసూతి ఆస్పత్రి గుర్తుకొస్తాయి.

వానాకాలంలో ఈ లెక్క మారిపోతుంది. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో రైల్వే ట్రాక్ కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. జులై నుంచి సెప్టెంబర్ మధ్య కాన్పు తేదీ ఉండి, దారిలో వాగు ఉంటే, తేదీకి వారం పది రోజుల ముందే వాగుకు ఇవతల, ఆస్పత్రి ఉన్న వైపు బంధువుల ఇంట్లో దిగండి.

కాగితంలో ఏం రాయాలి?

తల్లుల మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయని వైద్య నిపుణులు చెబుతారు. నిర్ణయం తీసుకోవడంలో, ఆస్పత్రికి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. ఈ మూడింటికీ ముందే జవాబు రాసుకోవాలి. 36వ వారానికల్లా ఇది సిద్ధంగా ఉండాలి.

1. నిర్ణయం ఎవరిది: 'అల్లుడు రావాలి', 'అత్తమ్మను అడగాలి' అంటూ గంటలు పోతాయి. ఆ సమయంలో ఇంట్లో ఉండేవాళ్లలో ఒకరి పేరు రాయండి. వాళ్లు చెబితే బయల్దేరాల్సిందే. గర్భిణి మాటకే మొదటి స్థానం.

2. వాహనం: అత్యవసరమైతే 108. చెకప్‌లకు, కాన్పయ్యాక ఇంటికి దిగబెట్టడానికి 102 అమ్మఒడి వాహనం. వీటితోపాటు రాత్రి రెండింటికి పిలిచినా వచ్చే ఊళ్లోని కారు లేదా ఆటో నంబర్ రాసుకోండి.

3. ఆస్పత్రి: మామూలు కాన్పుకు ఒకటి, ఆపరేషన్, రక్తం అవసరమైతే ఇంకొకటి. రెండింటికీ ముందే ఒకసారి వెళ్లి చూసి రండి.

4. రక్తం: గర్భిణి బ్లడ్ గ్రూప్, రక్తమివ్వగల ఇద్దరి పేర్లు, ఫోన్లు.

5. కాగితాలు: ఎంసీపీ కార్డు, స్కానింగ్‌లు, రక్త పరీక్షలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఇద్దరికి పంపి ఉంచండి.

6. మీ కోరికలు: తోడు ఎవరుండాలి, నొప్పుల్లో నడవనివ్వాలా, బిడ్డను వెంటనే గుండెల మీద వేయాలా. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రసవ సమయంలో ఒక మహిళను తోడుగా అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. సిజేరియన్ అవసరమంటే కారణం అడగండి. ముహూర్తం కోసం మాత్రం మీరే కోత అడగొద్దు.

ఊరు చేరగానే చేయాల్సింది

పుట్టింటికి చేరిన వారంలోనే అక్కడి ఆశ, ఏఎన్‌ఎంలను కలిసి పేరు రాయించండి. నగరంలో నమోదైన వివరాలు చూపిస్తే సరిపోతుంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు చేస్తారు. ఆ రోజు వెళ్తే అక్కడి డాక్టర్ మిమ్మల్ని కాన్పుకు ముందే చూసినట్లవుతుంది.

కేంద్రం 2011లో తెచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు భోజనం, రానూపోనూ వాహనం కూడా ఇందులోనివే.

అనుకోకుండా ఇంట్లోనే కాన్పు అయిపోతే?

ముందు 108కు ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోగా:

• చేతులు సబ్బుతో కడుక్కోండి. కింద శుభ్రమైన బట్ట పరవండి.
• బిడ్డను లాగొద్దు, పొట్ట మీద నొక్కొద్దు.
• పుట్టగానే పొడిబట్టతో తుడిచి తల్లి గుండెల మీద ఉంచి కప్పండి. గంటలోపు పాలు పట్టించండి. తేనె, చక్కెర నీళ్లు వద్దు. 24 గంటల వరకు స్నానం వద్దు.
• బొడ్డుతాడు కోయడానికి తొందరపడొద్దు. 108 సిబ్బందికి వదిలేయండి. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏవీ పెట్టొద్దు.
• మాయను లాగొద్దు. అరగంటలో పడకపోయినా, రక్తం ఆగకుండా పోతున్నా అది అత్యవసరమే.

తల్లీబిడ్డలు బాగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి. హెపటైటిస్-బి టీకా 24 గంటల్లోపు పడాలి. విటమిన్-కె ఇంజెక్షన్, బీసీజీ, పోలియో చుక్కలు కూడా ఉంటాయి. ఇంటి కాన్పు అయితే ఆశ కార్యకర్త మొదటి రోజు నుంచి 42వ రోజు వరకు ఏడుసార్లు వచ్చి చూడాలి.

జనన ధ్రువీకరణ మరవొద్దు

ఆస్పత్రిలో పుడితే నమోదు బాధ్యత ఆస్పత్రిది. ఇంట్లో పుడితే ఇంటి పెద్దదే. 21 రోజుల్లోపు గ్రామ పంచాయతీలో చెప్పి నమోదు చేయించండి. గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు అవసరమవుతాయి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం సహా చాలా పనులకు పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే.

వెంటనే కదలాల్సిన సూచనలు

రక్తస్రావం, ఫిట్స్, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం, ఉమ్మనీరు పచ్చగా పోవడం, 12 గంటలు దాటిన నొప్పులు. వీటిలో ఏది కనిపించినా 'తెల్లారనీ చూద్దాం' అనొద్దు.

కాగితం రాయడం అయ్యాక ఒక ప్రతి ఎంసీపీ కార్డులో పెట్టండి. ఇంకొకటి ఇంటి తలుపు వెనక అంటించండి. నొప్పులు అర్ధరాత్రి వస్తే నిద్రలేచిన వాళ్లకు ముందుగా కనిపించాల్సింది అదే.