దొర పేరు పోయింది, పని పేరు మిగిలింది

ఒమాన్ దేశానికి ఉత్తరపు కొసన ముసందం ఉంది. దేశంలోని మిగతా భాగానికీ దీనికీ మధ్య ఎమిరేట్స్ నేల అడ్డం. కసబ్ ఊరి పక్కన, గడ్డిపరక కూడా సరిగ్గా మొలవని రాతికొండల మధ్యకి సముద్రం సుమారు 16 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ చొచ్చుకుపోయింది. మన కోనసీమ వాళ్ళకి చూపిస్తే "ఇది ఏ నది పాయండీ?" అని అడుగుతారు. ఏ నదిదీ కాదు. అంతా ఉప్పునీరే. ఇలాంటి దాన్ని అరబ్బీలో ఖోర్ అంటారు.

దీని పేరు ఖోర్ అష్ షామ్. ఒడ్డున షామ్ అనే పల్లె కూడా ఉంది. నదీఫీ, కనహా, మక్లబ్, సీబీ అని మరికొన్ని చిన్న పల్లెలు. చేపలు పట్టుకు బతికే ఈ జనానికి కసబ్ వెళ్ళాలంటే పడవే దిక్కు. తాగే నీళ్ళు కూడా పడవలోనే రావాలి.

అయితే పాత ఇంగ్లీషు పటాల్లో ఈ ఖోర్‌కి ఇంకో పేరు కనిపిస్తుంది: ఎల్ఫిన్‌స్టన్ ఇన్‌లెట్. 1820లలో ఈస్టిండియా కంపెనీ వారి బొంబాయి ఓడలు ఈ తీరమంతా లోతులు కొలిచి పటాలు గీశాయి. అప్పట్లో బొంబాయి గవర్నరు మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ (1819-27). ఖోర్‌కి ఆయన పేరు పెట్టేశారు. సన్నటి కొండగట్టుకి అవతల ఉన్న ఇంకో ఖోర్‌కి ఆయన తర్వాత వచ్చిన గవర్నరు జాన్ మాల్కం పేరు. ఇంట్లో వాళ్ళని అడక్కుండా బిడ్డకి పేరు పెట్టినట్టన్నమాట! విశాఖలో యారాడ కొండ కొస 'డాల్ఫిన్స్ నోస్' అయినట్టే ఇదీను.

ఈ ఇంటిపేరు మన వాళ్ళకీ కొత్తదేం కాదు. ఆయన అన్నగారి కొడుకు లార్డ్ జాన్ ఎల్ఫిన్‌స్టన్ 1837 నుంచి 1842 దాకా మద్రాసు గవర్నరు. అంటే మన కోస్తా జిల్లాలకీ ఆయనే ఏలిక. తర్వాత 1853 నుంచి 1860 దాకా బొంబాయిని ఏలాడు. ముంబైలో ఆయన పేరుతో ఉన్న రైల్వే స్టేషను 2018లో ప్రభాదేవి అయింది.

ఈ ఖోర్‌కి అసలు కథ 1864లో మొదలైంది. 1857 తిరుగుబాటు వార్త లండనుకి చేరడానికి వారాలు పట్టింది. ఎర్రసముద్రంలో వేసిన తీగ 1860కల్లా పాడైపోయింది. దాంతో ఇంగ్లీషు ప్రభుత్వం పర్షియన్ గల్ఫ్ మీద పడింది. కరాచీ నుంచి గ్వాదర్ దాకా నేల మీద తీగ. అక్కణ్ణించి ముసందం, బుషైర్ మీదుగా ఫావ్ దాకా నీళ్ళ కింద తీగ. ఆ గ్వాదర్ కూడా అప్పుడు మస్కట్ సుల్తానుదే. 1958లో గానీ పాకిస్తాన్‌కి పోలేదు. 1865లో టర్కీ తీగలతో కలిశాక, కరాచీకీ లండనుకీ మధ్య మాట నడిచింది.

రాగితీగకి గట్టాపెర్చా అనే చెట్టుజిగురు తొడుగు. దూరం పోయేకొద్దీ సంకేతం నీరసిస్తుంది. కాబట్టి మధ్యలో ఒక మనిషి కూర్చుని, వచ్చినదాన్ని చదివి, మళ్ళీ కొట్టి ముందుకి పంపాలి. నేను నెట్‌వర్కుల పని చేసేవాణ్ణి. ఇవాళ పెట్టెలు చేసే ఆ పని అప్పుడు మనుషులు చేశారు. స్థానికులంటే భయంతో స్టేషనుని ఒడ్డున కాక, ఖోర్ మధ్యలో ఉన్న చిన్న దీవి మీద కట్టారు. చుట్టూ కొండలు, గాలి ఆడదు, ఎండాకాలంలో రాయి పెనంలా కాలుతుంది. ఐదేళ్ళు నిండకుండానే, 1868 చివర్లో దాన్ని ఎత్తేశారు.

ఇంగ్లీషులో పిచ్చెక్కడాన్ని 'రౌండ్ ది బెండ్' పోవడం అంటారు. ఆ మాట ఈ మెలికల్లోనే పుట్టిందని కసబ్ పడవవాళ్ళు యాత్రికులకి చెబుతారు. నిఘంటువులు మాత్రం దాన్ని పాత నావికుల మాట అంటాయి. కథ నిజం కాకపోయినా అది అతుక్కుపోయిన చోటు సరైనదే. ఇంటికి దూరంగా, ఇతరుల కబుర్లు అటూ ఇటూ చేరవేస్తూ, తన కబురు చెప్పుకునే మనిషి లేక కూర్చున్నవాడి బాధ గల్ఫ్‌లో బతికిన మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఎల్ఫిన్‌స్టన్ పేరు ఇక్కడ పాత పటాల్లో మిగిలిందే గానీ, జనం నోట పలికేది ఖోర్ అష్ షామ్. దీవికి మక్లబ్ అని అరబ్బీ పేరున్నా, టెలిగ్రాఫ్ దీవి అన్నా అందరికీ తెలుసు. చచ్చేంత ఎండలో నౌకర్లు చేసిన పని పేరు నిలిచింది, ఏలిన దొర పేరు నీళ్ళలో కలిసింది. మన దేశంలో తంతి 2013 జూలైలో ఆగిపోయింది. ఈ దీవి మీద దాని తాలూకు రాతిగోడలు కొన్ని ఇంకా ఉన్నాయి. పక్కనుంచి డాల్ఫిన్లు ఈదుకుంటూ పోతుంటాయి. వాటికి మాత్రం ఏ పేరుతోనూ పని లేదు.