నిబిరు నుంచి దిగినవాళ్లు: ఒక వాక్యానికి టీక

ఎరిక్ ఫాన్ డానికెన్ 1968లోనూ జెకరియా సిచిన్ 1976లోనూ అచ్చేసిన పుస్తకాలను, వాటి వెనక వచ్చిన వందల వీడియోలను పిండితే చివరికి మిగిలేది ఒక్క వాక్యం. “నిబిరు నుంచి దిగిన అనున్నకి, బంగారం కోసం మనిషిని చేసి, విమానమెక్కి వెళ్లిపోతే, మనవాళ్లు వాళ్లను దేవుళ్లనుకున్నారు.” మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేని మాట రాయనని ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ఈ వాక్యాన్ని కూడా ఆ ఒట్టు మీదే మాట మాటా విప్పి చూద్దాం.

నిబిరు: సిచిన్ లెక్కలో ఇది మనకు కనబడని గ్రహం, సూర్యుణ్ని చుట్టిరావడానికి దానికి 3,600 ఏళ్లు కావాలి. అక్కాదీ భాషలో మాత్రం నేబెరు అంటే దాటే చోటు, రేవు. బాబిలోనియా జ్యోతిష్కులు ఆ పేరును తమ మార్దుక్ దేవుడి చుక్కకు పెట్టారు. చాలాచోట్ల అది బృహస్పతే, అంటే మన గురుడే. సిచిన్ చూపే సాక్ష్యం బెర్లిన్ మ్యూజియంలో వీఏ 243 నంబరుతో ఉన్న చిన్న రాతి ముద్ర. అందులో ఒక నక్షత్రం, చుట్టూ 11 చుక్కలు. నడిమిది సూర్యుడు, చుట్టూ ఉన్నవి గ్రహాలూ చంద్రుడూ అన్నాడాయన. మెసొపొటేమియా శిల్పి సూర్యుణ్ని చెక్కితే నాలుగు మొనలూ వాటి మధ్య అలల్లాంటి కిరణాలూ పెడతాడు. ఈ ముద్ర మీది బొమ్మలో ఆ అలలు లేవు, అది వట్టి నక్షత్రం. పక్కనున్న రాతలో గ్రహాల ఊసే లేదు, మనుషుల పేర్లూ ‘నీ సేవకుడు’ అన్న మాటా తప్ప.

దిగిన: ఈ క్రియ మూలంలో లేదు. మెసొపొటేమియా దేవగణమైన అనున్నకి అన్న పేరులోనే ‘ఆకాశం నుంచి భూమికి వచ్చినవారు’ అన్న అర్థం ఉందని సిచిన్ చెప్పాడు. సుమేరు భాష చదివినవాళ్లకు అందులో కనిపించేది రాజబీజం, దొరబిడ్డలు. పైగా ఇనన్న దేవత పాతాళానికి వెళ్లిన కథలో ఈ అనున్నకి ఏడుగురు న్యాయమూర్తులుగా పాతాళంలో కొలువుదీరి ఉంటారు. పైనుంచి వచ్చినవాళ్లను వెతకబోతే కింద దొరికారు.

బంగారం కోసం: నన్నడిగితే వాక్యం మొత్తంలో పెద్ద అన్యాయం ఈ మాట దగ్గరే జరిగింది. మనిషి పుట్టుక కథకు అసలు మూలం అత్రహసీస్ కావ్యం. మూడున్నర వేల ఏళ్లు దాటిన మట్టిపలకల మీద ఉందది. అందులో బంగారం గనులు లేవు, కాలువలున్నాయి. పెద్ద దేవుళ్లు చిన్న దేవుళ్ల చేత నదులూ కాలువలూ తవ్విస్తారు. చేసీ చేసీ విసిగిపోయిన చిన్న దేవుళ్లు పారలూ తట్టలూ తగలబెట్టి, అర్ధరాత్రి పెద్ద దేవుడు ఎన్లిల్ ఇంటిని చుట్టుముడతారు. వాళ్ల నాయకుడెవరని పైనుంచి కబురొస్తే అందరూ ఒక్కటై నిలబడతారు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ఒక దేవుణ్ని చంపి, ఆయన నెత్తురూ మాంసమూ మట్టిలో కలిపి మనిషిని చెయ్యాలి, ఆ తట్ట వాడి నెత్తికెత్తాలి. దక్షిణ ఇరాక్‌లో కాలువ పూడిక తియ్యకపోతే పంట లేదు. గోదావరి డెల్టా రైతుకు ఈ కథ చెప్పి చూడండి, గ్రహాంతరవాసుల సాయం లేకుండానే అర్థమైపోతుంది. చాకిరీ మన నెత్తినే ఎందుకు పడిందన్న ప్రశ్న అందులో ఉంది. గని పెట్టగానే ఆ తట్ట మాయమైంది.

మనిషిని చేసి: పెద్ద వానరాలకు 24 జతల క్రోమోజోములు, మనకు 23. రెండు కలిసి ఒకటైన మాట నిజమే. ప్రయోగశాలలో వేసిన అతుకు అదేనంటారు ఈ కథ నమ్మేవాళ్లు. ఆ అతుకు దగ్గర పాత క్రోమోజోముల కొసల గుర్తులు ఇంకా చెదిరి కనిపిస్తాయి. అంతరించిపోయిన డెనిసోవన్ మానవులకూ మనతో పాటు అదే అతుకు ఉంది, అంటే అది మనం వాళ్లతో విడిపోక ముందటిది. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మన పూర్వీకుల ఎముకలకు దాదాపు 3 లక్షల ఏళ్లు. ఇక్కడ ఇంతకంటే ఆగక్కర్లేదు.

విమానమెక్కి: ఇక మన ఇంటి మాట. ‘వి’ మీద కొలత చెప్పే ‘మా’ ధాతువు చేరితే విమానం, కొలతపెట్టి కట్టినది. గర్భగుడి మీది గోపురానికి ఆ పేరు. తిరుమలలో ఆనంద నిలయ విమానం మీద విమాన వేంకటేశ్వరుణ్ని వేలు పెట్టి చూపించి దండం పెట్టించే అమ్మమ్మలెవరూ అది ఎగిరిపోతుందని భయపడలేదు. పురాణాల్లో పుష్పకం ఎగురుతుంది, కాదనను. కానీ బొమ్మలతో సహా జనం చూపించే వైమానిక శాస్త్రం సంగతి వేరు. భరద్వాజ మహర్షిదంటూ సుబ్బరాయశాస్త్రి 1918 నుంచి 1923 దాకా నోటితో చెప్పి రాయించిన పుస్తకమది. బొమ్మలు గీసింది అప్పటి డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన. 1974లో బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధకులు ఐదుగురు దాన్ని చదివి, సంస్కృతం వైదికం కాదని, పుస్తకం 1904కు ముందుది కాదని, ఆ యంత్రాలు ఎగరవని తేల్చారు. ఎగతాళి చేసి వదిలెయ్యకుండా బరువులూ కొలతలూ లెక్కగట్టి మరీ చెప్పారు, అది నాకు నచ్చింది.

దేవుళ్లు: హీబ్రూ బైబిల్ తొలి వాక్యంలో దేవుడికి వాడిన మాట ఎలోహిమ్, రూపంలో బహువచనం. 1973లో ఆకాశవాసులను కలిశానన్న ఫ్రెంచి రేసింగ్ విలేకరి క్లోద్ వోరిల్హాన్, తర్వాత రాయెల్ అని పేరు పెట్టుకుని, ఎలోహిమ్ అంటే ఆకాశం నుంచి వచ్చినవాళ్ల గుంపేనన్నాడు. అదే వాక్యంలో ‘సృష్టించెను’ అన్న క్రియ ఏకవచనంలో ఉంది. మన ‘శ్రీవారు’ దగ్గర క్రియ కూడా బహువచనంలోకి పోతుంది, అయినా ఎంతమంది శ్రీవార్లని ఏ భక్తుడూ అడగడు.

అనుకున్నారు: వాక్యానికి ప్రాణం ఈ క్రియ. చాలామంది నమ్మకం నిలబడేది కూడా దీని మీదే. విమానాల్లో సరుకు దించిన సైనికులను పసిఫిక్ దీవుల వాళ్లు దేవుళ్లుగా కొలవలేదా, మన పూర్వీకులూ అంతే అంటారు. వనువాటులోని తన్నా దీవిలో ఏటా ఫిబ్రవరి 15న జాన్ ఫ్రమ్ అనే రక్షకుడి పేరు మీద వెదురు తుపాకులు భుజాన వేసుకుని, ఒట్టి ఛాతీల మీద ఎర్రగా యూఎస్‌ఏ అని రాసుకుని కవాతు చేస్తారు. చూసినవాళ్లకు నవ్వొస్తుంది. కానీ జాన్ ఫ్రమ్ మాట 1940 ప్రాంతంలోనే పుట్టింది. మిషనరీలు మానిపించిన కావా పానీయం తాగండి, చిందులెయ్యండి, చర్చి వదిలి ఊళ్లకు రండి అన్న పిలుపు అది. అధికారులు 1941లో మనుషులను పట్టుకుపోయారు. అమెరికా సైన్యం ఆ దీవులకు చేరింది 1942లో. ఆకాశం నుంచి సరుకు దిగే నాటికే జాన్ ఫ్రమ్ కోసం జైలుకెళ్లినవాళ్లు తన్నాలో ఉన్నారు.